పొడుగోడి కోసం రాయించిన కాగితం

మా వాడు, నా కొడుకు, పోయిన మాట ఊళ్లో అందరికంటే ముందు ఎదురింటామెకు చెప్పాను. ప్రొద్దుటూరు ఆస్పత్రి వరండాలో నిలబడి, పులివెందులలో ఉన్న నా కూతురికి కూడా చెప్పకముందే, ఆమెకు ఫోన్ చేశాను. మా ఊరి సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవని చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ వాడు బతికుండగా రాయించిన కాగితంలో అట్లాగే ఉంది. తనకేమన్నా అయితే మొదట ఆమెకు తెలపాలి, పొడుగోడికి ఆ పూట మేత ఆగకూడదు అని.

ఆమె ఫోనులో ఏడవలేదు. "పొడుగోడికి నీళ్లు, మేత నేను పెడతా. నువ్వు పిల్లోన్ని తీసుకోని రా వదినా" అంది.

పొడుగోడంటే ఎవరో మీకు చెప్పాలి. వాడి గురించి చెప్పకుండా మా వాడి గురించి చెప్పలేను.

మా ఊరు జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ మధ్యన ఉంది. మా వాడు ప్రొద్దుటూరులో ఒక కోళ్లదాణా వ్యాపారి దగ్గర బండి తోలేవాడు. అప్పట్లో మా తట్టు ఈము పక్షుల మోజు పుట్టింది. పరాయి దేశం పక్షి, దాని గుడ్డు బంగారం, నూనె బంగారం అని చెబితే నమ్మి జనం చేలకు కంచెలు వేసి పెంచారు. కొన్నాళ్లకే కొనేవాడు లేకుండా పోయాడు. ముద్దనూరు దారిలో ఒకాయన తన పక్షులకు దాణా తెప్పించడం మానేసి గేటుకు తాళం వేసుకుని యాడికో పోయాడు. మా వాడు ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపి కంచెలోకి తొంగి చూసేవాడు. ఒకరోజు బండిలో దాణా మూటల బదులు గోనెపట్టాలో చుట్టిన ఒక పక్షిని తెచ్చి మా వాకిట్లో దింపాడు. కాపలాకు మిగిలిన ముసలాయన, "తీసుకోనిపో నాయనా, ఒకటన్నా బతుకుతాది" అన్నాడంట.

అప్పుడది ఈకలు రాలి, మెడ వేలాడేసి ఉంది. కాళ్లు మాత్రం మనిషి కాళ్లకంటే పొడుగు. వీధివీధంతా వచ్చి చూసింది. ఒకరు నిప్పుకోడి అన్నారు, ఒకరు ఒంటె పిల్ల అన్నారు. ఇంత కోడిని కోస్తే ఎంతమందికి వస్తుందో అని ఒకాయన అక్కడే లెక్క వేశాడు. మా వాడు ఆయన ముఖం కూడా చూడకుండా చెంబుతో నీళ్లు తెచ్చి పక్షి ముక్కుకు తడుపుతూ కూర్చున్నాడు. పదిరోజులు పోయాక అది మా ప్రహరీ మీదుగా మెడ చాపి వీధిలో పోయేవాళ్లను చూడడం మొదలుపెట్టింది. అందరూ పొడుగోడు అన్నారు. ఆ పేరే నిలిచింది.

మా వాడికి కొన్ని అలవాట్లు ఉండేవి. పొద్దున లేచి తాను ముఖం కడుక్కోకముందే పొడుగోడి ఆకుపచ్చ తొట్టి కడిగేవాడు. టమాటా కోస్తే సగం ముక్కలు దానికి. తన చొక్కాలకు మెరిసే గుండీలు ఉంటే నాచేత తీయించి నల్లవి కుట్టించుకునేవాడు, ఎందుకంటే మెరిసేది ఏది కనపడినా పొడుగోడు పొడిచి మింగేసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం పైపు పట్టుకుని తడిపేవాడు. అంత పొడుగు పక్షి చంటిబిడ్డ మాదిరి బురదలో పడుకుని పొర్లేది. వీడు గట్టిగా నవ్వేవాడు. మామూలుగా వాడు నవ్వేది తక్కువ.

ఎలక్షన్ల కాలంలో ఇంకో వేడుక. ఓట్లు అడగడానికి వచ్చేవాళ్లు ఎదకు మెరిసే బిళ్లలు పెట్టుకుని వస్తారు కదా. పొద్దున ఒక పార్టీవాళ్లు వచ్చారు, గోడ దగ్గర నిలబడిన ఆయన బిళ్ల పొడుగోడి కడుపులోకి పోయింది. సాయంత్రం రెండో పార్టీవాళ్లు ఈ కథ విని నవ్వుకుంటూ చూడ్డానికి వచ్చారు, వాళ్ల బిళ్లా పోయింది. ఆ రోజుల్లో మా ఊళ్లో రెండు పార్టీలవాళ్లూ ఒకే మాటకు నవ్వింది అదొక్కటే. తర్వాత ఎవరు వచ్చినా మా వాడు ముందు తువ్వాలు ఇచ్చి, ఎద మీద కప్పుకోమనేవాడు.

ఇప్పుడు ఎదురింటి సంగతి రాయాలి. రాయడానికి చెయ్యి ఆడదు కానీ, రాయకపోతే మీకు మిగిలింది అర్థం కాదు.

వాళ్ల వాకిలి మిట్ట, మాది పల్లం. వాళ్ల జాలాడిలో అంట్లు తోమిన నీళ్లు వీధి దాటి మా గడపలోకి పారేవి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమే నేనూ వదినా వదినా అనుకుంటూ, ఆ నీళ్లకు అడ్డంగా మట్టి వేసుకుంటూ నవ్వుకునేవాళ్లం. ఒక వానాకాలం మా ఇంటాయన గట్టిగా కట్ట వేశాడు. వాళ్ల ఇంటాయన దాన్ని కాలితో తన్నాడు. మాటా మాటా పెరిగింది. వేరే ఊళ్లో అయితే అక్కడితో పోయేదేమో. మా ఊళ్లో ఇద్దరు పెద్దలు, రెండు వర్గాలు. మా ఆయన ఒక పెద్ద దగ్గరికి పోయాడు, వాళ్లాయన ఇంకో పెద్ద దగ్గరికి పోయాడు. ఆ తర్వాత అది కాలవ గొడవ కాకుండా పోయింది. ముందు వాళ్లాయన ప్రాణం పోయింది. తర్వాత మా ఆయన జమ్మలమడుగు కోర్టు వాయిదాకు పోయి తిరిగి ఇంటికి రాలేదు. ఎవరు ఏం చేశారని ఇక్కడ రాయను. రెండు ఇళ్లలోనూ పసుపుకుంకాలు పోయాయి. ఆమె గంపెడు మట్టి వేసి తన నీళ్లను తన పెరటికే మళ్లించుకుంది. ఆనాటి నుంచి ఆ గడపా ఈ గడపా ఎదురెదురుగా, తలుపులు వేసుకుని ఉన్నాయి.

మా ఊరి పేరు చెబితే పిల్లనిచ్చేవాళ్లు వెనక్కి తగ్గేవాళ్లు. మా వాడి పెళ్లి అట్లా జరుగుతూ జరుగుతూ ఆగిపోయింది. ఇంతలో వాడి మూత్రపిండాలు చెడిపోయాయి. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారం వారం ప్రొద్దుటూరు పోవాల్సి వచ్చింది. వాడిని తీసుకుని నేను బస్సెక్కేదాన్ని. మేము పోతుంటే పొడుగోడు గోడ పైనుంచి చూస్తా ఉండేవాడు. మా వాడు కిటికీలోంచి వెనక్కి తిరిగి అది కనపడనంత దూరం దాకా చూసేవాడు. సూదుల గురించి ఎప్పుడూ బాధపడలేదు. ఆ పక్షి ఇంకా చాలా ఏళ్లు బతుకుతుందని దాణా వ్యాపారి ఎప్పుడో చెప్పాడంట, అది వాడి మనసును తొలిచేది. "నా కంటే వాడికే ఆయుస్సు ఎక్కువ మా. నేను లేకపోతే వాన్ని యా పొయ్యి మీదికి ఎక్కిస్తారో" అనేవాడు.

నాకు తోచింది నేను చెప్పాను. మా కాలంలో దేవుడికి ఆబోతును వదిలేవాళ్లు. దాని తొడ మీద ముద్ర వేస్తే అది దేవుడి సొమ్ము. ఎవరి చేలో పడినా కొట్టరు, ఏ వర్గంవాళ్లయినా ఇంత గడ్డి వేస్తారు. పొడుగోడిని అట్లాగే గండి ఆంజనేయస్వామికి వదిలేద్దామన్నాను. వాడు నవ్వి, "ఆబోతుకు ఊరు తెలుసు మా. వీడు గండికి పోతే వచ్చినోళ్ల మెడల్లో గొలుసులన్నీ మింగుతాడు. స్వామి కూడా ఇడిసిపెట్టడు" అన్నాడు. అని ప్రొద్దుటూరులో ఒక లాయరమ్మ దగ్గరికి నన్ను తీసుకుపోయాడు.

ఆ లాయరమ్మ చిన్నది. పక్షి సంగతి అని చెప్పగానే నవ్వకుండా కలం తీసింది, అందుకే నాకు నచ్చింది. పొడుగోడి పేర ఏదన్నా రాయొచ్చా అని నేనే అడిగాను. రాయకూడదంది. జంతువుకు ఆస్తి ఉండదంట, అదే మన ఆస్తి అంట. "చట్టం లెక్కలో ఈ పక్షీ మీ ఇంట్లో బీరువా ఒకటేనమ్మా. దాన్ని ఎవరికో ఒకరికి రాయాలి" అంది.

"బీరువాకు ఆకలవుతాదా తల్లీ?" అన్నాను.

"అందుకే ఇంకొంచెం ఎక్కువ రాద్దాం" అంది ఆమె.

ఆమె చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. వీలునామా మనిషి పోయాక గానీ నోరు తెరవదు. మనిషి ఆస్పత్రిలో పడుంటే ఆ వారం పక్షికి మేత ఎవరు వేస్తారు? కాబట్టి వీలునామా ఒకటి, ఇప్పటినుంచే నడిచే ఒప్పందం ఒకటి, రెండు కావాలి. పక్షి ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, జబ్బు చేస్తే ఏ పశువుల డాక్టరు దగ్గరికి పోవాలి అన్నీ రాయాలి. చూసుకునే మనిషికి ఏమన్నా అయితే ఆ తర్వాత ఎవరు అన్నది కూడా ఉండాలి. రోడ్డు పక్కన మాకొక రేకుల కొట్టం ఉంది, దాని బాడుగ మేతకు పెడతానన్నాడు మా వాడు. అప్పుడామె ఒక మాట చెప్పింది. మేత డబ్బు ఒకరి చేతిలో, పక్షి ఇంకొకరి చేతిలో ఉండాలంట. అప్పుడు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారంట.

"మా ఊర్లో అందరం చేసే పని అదే మేడం" అన్నాడు మా వాడు. ఆమె మొదటిసారి నవ్వింది.

మాంసానికి ఇవ్వరాదు, అమ్మరాదు అని ఆమె రాస్తుంటే, ఎలక్షన్ విందులకు ఇవ్వరాదు అని కూడా రాయమన్నాడు. అదెందుకు అని ఆమె అడగలేదు, ఆమెదీ ఈ జిల్లానే.

బాడుగ నా చేతికి అన్నాడు. పక్షి ఎవరికి అని ఆమె కలం ఎత్తింది. నాకే అంటాడనుకుని నేను కొంగు సర్దుకున్నాను. వాడు ఎదురింటామె పేరు చెప్పాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను. వాడు గోడ పట్టుకుంటూ నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు మోకాళ్లు పనిచేయవని, పొడుగోడు పరిగెత్తితే పట్టలేనని, ఎప్పటికైనా పులివెందులలో అక్క దగ్గరికి పోవాల్సినదాన్నని చెప్పాడు. అక్క ఉండేది మేడ మీద. అప్పుడు మునగకొమ్మల గురించి అడిగాడు.

మేము ఆస్పత్రికి పోయి వచ్చిన ప్రతిసారీ మా ప్రహరీ మీద మునగకొమ్మలు ఉండేవి. పొడుగోడు ఆకులు దూసుకుని తిని కాడలు వదిలేసేవాడు. మునగచెట్టు ఉండేది ఎదురింట్లో. గాలికి పడ్డాయని నేను ఊడ్చి పారేసేదాన్ని.

"గాలికి పడినాయనుకుంటివా మా? గాలికి పడిన కొమ్మలు గోడ మీద వరసగా పేర్చినట్టు ఉంటాయా?" అన్నాడు. "మనం ల్యాకపోతే అత్తే వస్తాంది. వీధిలో ఎవురూ ల్యాని టైము చూసి వస్తాంది. పొడుగోడు చెయ్యి చూస్తాడు మా, ఇల్లు చూడడు."

చిన్నప్పుడు ఆమెను అత్తా అని పిలిచేవాడు. ఇన్నేళ్లూ ఆ పిలుపు లోపల దాచుకున్నాడని నాకు తెలియదు.

లాయరమ్మ ఇంకొకటి కూడా చెప్పిందంట. అడగకుండా పేరు రాస్తే పనికిరాదు, రేపు ఆమె వద్దంటే కాగితం చిత్తు, ముందు ఒప్పించాలి అని. పోయి అడుగు అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "నేనడిగితే రోగిష్టోడని జాలిపడి సరే అంటాది. అది లెక్క కాదు. నువ్వడుగు" అన్నాడు.

ఆ మాట మీద నేను చాలా రోజులు ముసుగు పెట్టుకుని పడుకున్నాను. నేను అడగకపోతే వాడు ఇంకెవరి పేరూ రాయించడు. కాగితం లేకుండా వాడు పోతే పొడుగోడు ఏ విందుకో పోతాడు. వాడు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఒకరోజు ఆస్పత్రి నుంచి వచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చుని, కొత్త మునగకాడలు ఏరి ఒక పక్కన పెడుతున్నాడు. వాడి మణికట్లు ఆ కాడల మాదిరే అయ్యాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను.

పట్టపగలు. అరుగుల మీద ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు. ఆమె గడప లోపల కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఒలవడం ఆపలేదు. పీట మాత్రం కాలితో ఇటు జరిపింది. నేను కూర్చోలేదు.

"మా వోడు ఒక మాట అడగమన్నాడు" అన్నాను.

"మీ వోడు అడగమన్నాడని అడుగుతాండావా, నువ్వే అడుగుతాండావా?"

తిరిగి వచ్చేద్దామనుకున్నాను. వెనక మా గోడ మీద పొడుగోడి తల కనపడుతోంది.

"నేనే అడుగుతాండా" అన్నాను. "వాని తర్వాత పొడుగోన్ని నువ్వు సాకల్ల."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "వాని తర్వాత అని యా నోటితో అంటాండావు వదినా" అంది. ఆ పిలుపు విని నేను పీట మీద కూర్చున్నాను. నేనూ ఒక గుప్పెడు శనక్కాయలు తీసుకుని ఒలిచాను. తర్వాత ఆమే అంది.

"సాకుతా. ఒగటి మాత్రం ముందే చెప్తాండా. వానికి శానా నీళ్లు కావల్ల. ఎండాకాలం రోజూ తడపల్ల. నా వాకిట్లో తడిపితే ఆ నీళ్లు యా తట్టు పారతాయో నీకు తెలుసు."

తెలుసు. మా ఆయన కట్ట వేసిన చోటు నేను ఇప్పటికీ కళ్లు మూసుకుని చూపించగలను.

"పారనీ" అన్నాను.

కాగితాలు రిజిస్టరు చేయించక్కర్లేదని లాయరమ్మ చెప్పింది. చేయించాల్సిందే అన్నాడు మా వాడు. మా ఊళ్లో రిజిస్టరు కాని మాట పొద్దుగూకేలోపల మారిపోతుందన్నాడు. లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదు కాబట్టి నేనూ ఆమే పనికిరాము. ఒక వర్గం మనిషి సంతకం పెట్టినచోట రెండో వర్గం మనిషి పెట్టడు. చివరికి మా ఊరి ఆటో భాయినీ, చర్చి వీధిలో ఉండే రిటైరైన పంతులమ్మనూ అడిగితే వాళ్లు ఒప్పుకున్నారు. అందరం ఒకే ఆటోలో జమ్మలమడుగు రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాం. మా వాడు మధ్యలో, నేనొక పక్క, ఆమె ఒక పక్క. ఆటో కుదుపుకు వాడి తల ఒకసారి నా భుజం మీద, ఒకసారి ఆమె భుజం మీద వాలింది.

ఆ ఆఫీసు మెట్ల మీద మమ్మల్ని ఎవరో చూశారు. ఇక మా తట్టు మనుషులు ఏమనుకుంటారో మీరే ఆలోచించండి. ఆ రెండు ఇళ్లవాళ్లు ఒకే ఆటో దిగారు, స్టాంపు కాగితాలు చేతిలో ఉన్నాయి, ఎలక్షన్లు దగ్గరలో ఉన్నాయి. మేము ఊరు చేరకముందే మాట చేరింది. రాజీ అయ్యారని కొందరు, రెండు కొంపలూ కలిసి పార్టీ మారుతున్నాయని కొందరు, నాకు ఏదో పదవి కూడా ఇస్తున్నారని కొందరు. మా వర్గం పెద్దాయన జీపేసుకుని ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని కాగితం అడిగాడు. మా వాడు తీసి ఇచ్చాడు. పెద్దాయన మనిషి ఒకడు అందరికీ వినపడేటట్టు చదవడం మొదలుపెట్టాడు. సదరు ఈము పక్షిని ఎండాకాలంలో ప్రతిరోజూ తడపవలెను అన్నాడు. ఆగాడు. సదరు పక్షి ఎదుట మెరుపు గుండీలు ధరించరాదు అన్నాడు. ఎలక్షన్ విందుల దగ్గరికి వచ్చేసరికి వాడి గొంతు వణికింది. జీపులో వచ్చినవాళ్లు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నారు.

పెద్దాయన నవ్వలేదు. ఆయనకు అవమానం అయింది. "పక్షిని ఇయ్యాలంటే నేనుండా కదప్పా. నా తోటలో పదిమంది ఉండారు. ఆ ఇంటికేంటికి రాసినావు? రేపు మనోళ్లు ఏమనుకోవల్ల?" అన్నాడు.

మా వాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కువసేపు నిలబడే ఓపిక వాడికి లేదు. "దానికి ఓటు ల్యాదు మామా. దాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు.

పొడుగోడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, పెద్దాయన వేలికి ఉన్న ఉంగరాన్ని తల వాల్చి చూశాడు. ఆయన చెయ్యి తువ్వాలు కిందికి పెట్టుకుని లేచాడు. గేటు దగ్గర ఆగి, "ఏమ్మా, నీకు సమ్మతమేనా?" అని నన్ను అడిగాడు. నా మొగుడు పోయిన రోజున ఆయనే వచ్చి పాడె మోశాడు. ఆయన ముఖం చూసి కాదనడం నాకు సులభం కాదు. "సమ్మతమే అన్నా" అన్నాను. ఆయన జీపెక్కాడు. అవతలి వర్గంవాళ్లు ఎదురింటికీ పోయి అడిగారంట. ఆమె ఏం చెప్పి పంపిందో అచ్చులో రాసేది కాదు.

ఆ తర్వాత వాడు ఇంకొన్ని నెలలు ఉన్నాడు. వాడితో గడిపిన కాలం గుర్తు చేసుకుంటే నాకు ఆ నెలలే ముందు వస్తాయి. మేము ప్రొద్దుటూరు పోయే రోజుల్లో ఆమె అందరూ చూస్తుండగా గేటు తీసుకుని వచ్చేది. మేము ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఏదో సాకుతో వచ్చేది. వాడు మంచం మీద నుంచే ఆమెకు పాఠాలు చెప్పేవాడు, అరచెయ్యి చాపి పెట్టు అత్తా, వేళ్లు మూయొద్దు అత్తా అని. "నాకు చెప్పొచ్చినావులేరా, నువ్వు పుట్టకముందు నుంచి గొడ్లు సాకుతాండా" అని ఆమె కసిరేది. అట్లా కసురుతూనే చెవుల కమ్మలు తీసి కొంగున ముడి వేసుకునేది. నేను లోపల నుంచి వింటూ ముగ్గురికి బువ్వ వండేదాన్ని. మా ఆయన గురించి గానీ వాళ్లాయన గురించి గానీ మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఇప్పటికీ అనుకోలేదు.

మా వాడిని చివరిసారి ఇంటికి తెచ్చిన రోజున రెండు వర్గాలవాళ్లూ వచ్చారు. వీధికి ఆ కొసన కొందరు, ఈ కొసన కొందరు నిలబడ్డారు. ఆమె మాత్రం వచ్చి వాడి తల దగ్గర కూర్చుంది. పొడుగోడు కంచె దగ్గర నిలబడి గొంతులోంచి గుర్రుమని ఒక చప్పుడు చేస్తూనే ఉన్నాడు. మా వాడు బండి దిగి ఇంట్లోకి వచ్చే వేళ రోజూ చేసే చప్పుడే.

దినాలు అయ్యాక, కాగితంలో ఉన్నట్టు పొడుగోడిని ఎదురింటికి పంపాము. ఆమె మునగకొమ్మ చూపిస్తూ ముందు నడిచింది. అది గేటు దాకా వచ్చి మొరాయించింది. నేను మా వాడు కడిగే ఆకుపచ్చ తొట్టి తెచ్చి చేత్తో తట్టాను. ఆ చప్పుడుకు మెడ ఎత్తి, ఒక్కొక్క అడుగూ ఆలోచించుకుంటూ వీధి దాటింది. ఈ మధ్యలో నా కూతురు వచ్చి పులివెందులకు రమ్మని పిలిచింది. వస్తానన్నాను. కానీ నెల నెలా మేత తెచ్చి ఇవ్వాలి కదా, కాగితంలో ఉంది అన్నాను. కూతురు నా ముఖం చూసి, ఒక్కతే బస్సెక్కింది.

ఎండలు ముదిరాయి. సాకుతానన్న మాట ప్రకారం ఆమె ఒక పొద్దున పైపు పట్టింది. నేను మా గడపలో కూర్చుని ఉన్నాను. చావు జరిగిన ఇల్లు, ముగ్గు వేయక మా వాకిలి బోసిగా ఉంది. ముందు వాళ్ల గోడ వెనక పొడుగోడు పొర్లే చప్పుడు వినిపించింది. తర్వాత వాళ్ల గడప కింద నుంచి నీళ్లు బయటికి వచ్చాయి. దుమ్మును ముందుకు తోసుకుంటూ వీధి మధ్యకు వచ్చి, పాత దారి గుర్తున్నట్టు, మా వాకిలి వైపు తిరిగాయి. పాత అలవాటు, నా చెయ్యి గోడకు ఆనించిన పారను వెతుక్కుంది. చెయ్యి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. నీళ్లు వచ్చి నా కాళ్లను తాకాయి. చల్లగా ఉన్నాయి.

ఆమె గేటు సరిగా వేయలేదు. తడిసి ఈకలు అంటుకుపోయిన పొడుగోడు బయటికి వచ్చి, నీళ్లలో నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. మా వాడి మంచం దగ్గర ఆగి, తల వంచి దాని కింద చూశాడు, అటు పక్కకు పోయి చూశాడు. గొంతులోంచి ఆ చప్పుడు ఒకసారి చేశాడు. అవతల నుంచి ఆమె పిలిచింది. నా ముఖం ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మంచం చుట్టూ, అక్కడి నుంచి వీధి దాటి వాళ్ల గడప దాకా, మూడు వేళ్ల తడి అడుగులు. ఆ పొద్దున నేను వాకిలి ఊడ్చలేదు.